కుడిపక్క కుర్చీ

మార్చి 9

వదినా,

హోటల్ గదిలో కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. బయట టైమెంతో, నా ఒంట్లో టైమెంతో నాకే తెలియడం లేదు. కింద హాల్లోంచి రొట్టెలు కాలుతున్న వాసన వస్తోంది కాబట్టి తెల్లారిందనే అనుకుంటున్నాను.

కవరు చూడగానే ఏదో పెద్ద సంగతే అని నీకు తెలిసిపోయి ఉంటుంది. చిన్నవి ఫోన్లో, పెద్దవి కాగితం మీద అని మనం పెట్టుకున్న కట్టుబాటు మంచిదే. ఫోనైతే అన్నయ్య నడుమ దూరి తీర్పు చెప్పేస్తాడు. నా కూతురుందిగా, మన ఉడత, దాని చెవులు తలుపు సందులో ఉంటాయి.

సంగతేమిటంటే, మీ ఊరి విమానాశ్రయంలో ఒక చిన్న సంస్థ కొత్తగా సర్వీసులు మొదలుపెడుతోంది. చిన్న విమానాలు, దగ్గర ఊళ్ళు. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. నన్ను రమ్మని అడిగారు.

వినడానికి బాగానే ఉంది కదా. కానీ మా వృత్తిలో ఒక పద్ధతుంది. ఒక సంస్థ వదిలి ఇంకోదాంట్లో చేరితే అక్కడి వరసలో అందరికంటే వెనక నిలబడాలి. ఎన్ని సముద్రాలు దాటావని ఎవరూ అడగరు, ఇక్కడ ఎప్పుడు చేరావనే అడుగుతారు. సెలవులు, డ్యూటీలు, ప్రమోషన్ అన్నీ ఆ వరసలోనే. అంటే ఇన్నేళ్ళు ఎడమ కుర్చీలో కెప్టెన్‌గా కూర్చున్నదాన్ని మళ్ళీ కుడి కుర్చీలోకి, కో-పైలట్‌గా దిగాలి. భుజం మీది నాలుగు చారలు మూడైపోతాయి. నాలుగోది మళ్ళీ ఎప్పుడొస్తుందంటే, ఆ సంస్థ పెరిగినప్పుడు, ముందున్నవాళ్ళు జరిగినప్పుడు.

ఎక్కిళ్ళు గుర్తున్నాడా? నా దగ్గర శిక్షణ తీసుకున్న కుర్రాడు, పరీక్ష అనగానే ఎక్కిళ్ళు పట్టుకునేవి. ఒకసారి మీ ఇంటికి భోజనానికి తీసుకొచ్చాను, అన్నయ్య వాడికి తన కళ్ళజోళ్ళ షాపులోంచి నల్లకళ్ళద్దాలు తెచ్చి పెట్టాడు. వాడిప్పుడు అక్కడ కెప్టెన్. చేరితే నేను కూర్చోవాల్సింది వాడి పక్కనే.

ఏప్రిల్ ఇరవైలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఎయిర్‌పోర్టు దారిలో రెండు గదుల ఇల్లొకటి ఫోటోల్లో చూసి పెట్టుకున్నాను కూడా. ఉడతకు అప్పుడే ఏమీ చెప్పకు. నీ మనసులో మాట దాచుకోకుండా రాయి.

నీ ఆడపడుచు


మార్చి 20

కెప్టెనమ్మ గారికి,

(ఈ పిలుపు ఇంకెన్నాళ్ళుంటుందో తెలియదు కాబట్టి ఉన్నప్పుడే వాడేసుకుంటున్నాను.)

ఇక్కడ అందరం బాగున్నాం. పళ్ళ డాక్టరు ఈ వారం నా మీద దవడల వాన కురిపించాడు. నీకు తెలుసుగా నా బతుకు, నోరెవరిదో తెలియదు, ముఖమెలా ఉంటుందో తెలియదు, ప్లాస్టర్ అచ్చొకటి చేతికిస్తారు, దాన్నిబట్టి పళ్ళు పేర్చాలి. ఈసారి వచ్చినవాటిలో ఒక దవడ ఎంత పెద్దదంటే మీ అన్నయ్య అది చూసి, ‘ఈయన మాట్లాడితే ఎవరికీ అవకాశం ఉండదు’ అన్నాడు. చెబుతున్నదెవరో చూడు.

నీ సంగతికొస్తాను. దాచుకోవద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. నాకిది గుర్రం దిగి గాడిదనెక్కినట్టుంది. ఆ నాలుగు చారల కోసం నువ్వు పడ్డ పాట్లు నేను చూశాను. మా పెరటి గదిలో పుస్తకాలు ముందేసుకుని, ఒక్కోసారి వాటి మీదే నిద్రపోయేదానివి. గురువును మించిన శిష్యుడు అంటారు గానీ, ఆ శిష్యుడి పక్కన కూర్చుని గురువు ‘సరేనండి, అలాగేనండి’ అనడం ఎక్కడైనా ఉందా? పైగా నీ నోరు. నువ్వు నా వంటలో ఉప్పు గురించే ఊరుకోలేవు, ఎక్కిళ్ళు విమానం దింపుతుంటే ఊరుకుంటావా?

ఉడత తన స్కూలు బ్యాగు మీద పసుపు దారంతో నాలుగు చారలు కుట్టుకుంది. అమ్మ కెప్టెన్ అని ఊరంతా చెప్పుకుంటుంది. అది కూడా ఆలోచించు.

దాని గురించి బెంగపడి వస్తున్నావేమో, అలాంటి బెంగ పెట్టుకోకు. అది ఇక్కడ బాగుంది. దానికే లోటూ లేదు. వచ్చే ఏడాది దానికి పెద్ద పరీక్షలు, ఇప్పుడు ఇల్లు మారడం, దారి మారడం మంచిది కాదని నాకనిపిస్తోంది. ఆపైన నీ ఇష్టం.

నీ మేలు కోరే
వదిన

మీ అన్నయ్య తీర్పు: నాలుగైనా మూడైనా దూరం నుంచి చూస్తే ఎవరికీ కనిపించవట, మంచి కళ్ళజోడుంటే తప్ప.


ఏప్రిల్ 1

వదినా,

నీ ఉత్తరం అందింది. వద్దని చెప్పేద్దామనే అనుకుంటున్నాను. ఆ రెండు గదుల ఇంటివాళ్ళకు ఇప్పటికే ఫోన్ చేసి వద్దనేశాను.

దానికే లోటూ లేదన్నావు. అంటే నేను లేని లోటు కూడా లేదనే కదా. అది నిజమని నాకూ తెలుసు. ఆయన పోయాక, ఆరేళ్ళ పిల్లను ఒక సూట్‌కేసుతో మీ గుమ్మంలో దింపి డ్యూటీకి వెళ్ళినదాన్ని నేను. ఇప్పుడొచ్చి లోటు గురించి మాట్లాడే హక్కు నాకెక్కడిది?

అయినా చెబుతున్నాను, ఎందుకు రావాలనిపించిందో. పోయినసారి సెలవుకొచ్చినప్పుడు ఉడత నాకోసం కొత్త తువ్వాలు తీసి మంచం మీద పెట్టింది. పొద్దున కాఫీ కలుపుతూ అడిగింది, ‘అమ్మా, నీకు పంచదార ఎన్ని చెంచాలు?’ అని. చాలా మర్యాదగా అడిగింది. నేను ఒకటన్నాను. సెలవయ్యి డ్యూటీకెక్కిన రోజు విమానంలో మూడొందల మంది ప్రయాణికులకు స్వాగతం చెబుతుంటే నా గొంతు నాకే పరాయిమనిషి గొంతులా వినిపించింది. నా కూతురు కూడా నాతో అదే గొంతుతో మాట్లాడింది వదినా.

పోనీలే. ఇంకో మాట రాస్తాను, ఇది మనసులోంచి పోవడం లేదు. నిన్న కొత్త కుర్రాడొకడికి సిమ్యులేటర్‌లో పాఠం చెప్పాను. సిమ్యులేటర్ అంటే నేల మీదే ఉండే ఉత్తుత్తి కాక్‌పిట్, అందులో ఎన్నిసార్లు కూలినా మళ్ళీ టీ తాగొచ్చు. మా పనిలో మొట్టమొదటి నియమం ఒకటుంది. విమానం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారేటప్పుడు ఇద్దరూ పైకి చెప్పాలి. ఇచ్చేవాడు ‘నీ చేతికి’ అనాలి, తీసుకునేవాడు ‘నా చేతికి’ అనాలి. మేం ఇంగ్లీషులో అంటాంలే, అర్థం మాత్రం ఇదే. ఆ రెండో మాట వినపడేదాకా మొదటివాడు చెయ్యి తీయకూడదు. నిన్న గాలివానలో నేను అలారం ఆపడానికి చెయ్యి జాపాను. కుర్రాడు నేను తీసుకుంటున్నాననుకుని వదిలేశాడు. ఎవరం ఏమీ అనలేదు. వాడు నన్ను గౌరవించాడు, నేను వాణ్ణి నమ్మాను. విమానం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. తెర మీద ఇద్దరం చచ్చిపోయాం.

ఎందుకు రాశానో తెలియదు. పని చూసుకో. నీకు దవడలు చాలానే ఉన్నాయి.

ఉంటాను


ఏప్రిల్ 9

ఏమే,

ఈసారి కెప్టెనమ్మా లేదు, గారూ లేదు. నీ ఉత్తరం చదివిన రోజు నేను ఒకాయనకు కిందిపళ్ళు పైన పేర్చాను. డాక్టరు ఫోన్ చేసి ‘అమ్మా, ఈయన్ని తలకిందులుగా తినమంటారా?’ అనడిగాడు. ఆ పాపం నీదే.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, లోటు లేదని నేనొక మాటంటే నువ్వెక్కడికి వెళ్ళిపోయావు! నేను నీ గురించి అనలేదు. నా గురించి అన్నాను. నీ ఉత్తరంలో ‘రెండు గదుల ఇల్లు’ అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. రెండు గదులంటే నీకొకటి, దానికొకటి. మూడోది లేదు. ఇన్నేళ్ళూ నేను పెంచినదాన్ని నువ్వు ఎయిర్‌పోర్టు దారిలోకి తీసుకెళ్ళిపోతావు, నేను చుట్టపుచూపుగా వచ్చి ‘అత్తా, పంచదార ఎన్ని చెంచాలు?’ అని అడిగించుకుంటాను. అది తలుచుకుని నాకు భయమేసింది. భయమని రాయడానికి సిగ్గేసి చారలని రాశాను, పరీక్షలని రాశాను. నాకు పిల్లలు లేరని నేను ఏనాడూ ఏడవలేదు, నీకు తెలుసు. ఏడ్చే తీరిక ఉడత ఇవ్వలేదు. నేను పళ్ళు పేర్చే నోళ్ళన్నీ ముఖం లేనివి. ముఖంతో సహా నాకు తెలిసిన నోరు అదొక్కటే.

తువ్వాలు సంగతి: ఇంటికెవరొచ్చినా కొత్త తువ్వాలు తీయాలని నేర్పింది నేను. ఆ రోజు తీయమన్నదీ నేనే. పంచదార మాట మాత్రం నేను నేర్పలేదు. అది దానంతటదే అడిగింది. దానికి నా దగ్గర ఓదార్పు లేదు. వచ్చి, దాని కళ్ళముందు రోజూ కాఫీ తాగితే తప్ప అది పోదు.

కాబట్టి రా. పైవాటాలో ఉండే వయొలిన్ మాస్టారు మే నెలాఖరుకు ఖాళీ చేస్తున్నాడు. మీ అన్నయ్య ఆ వాయింపు వదిలినందుకే సగం సంతోషంగా ఉన్నాడు.

కానీ రాకముందు ఒకటి తేల్చుకో. రెండు ఉత్తరాలు రాశావు, ఎక్కిళ్ళు పక్కన కూర్చోగలనో లేదో ఒక్క ముక్క రాయలేదు. ఉడతను అడ్డం పెట్టుకుని మాత్రం రాకు. రేపు ఆ కుర్చీ నిన్ను గుచ్చిన రోజున, ‘నీకోసమే కదా ఇదంతా’ అని దాని ముఖం వంక చూస్తావు. నోటితో అనకపోయినా చూస్తావు. ఆ చూపు పిల్లకొద్దు. ముందు నీకోసం రాగలవో లేదో చూసుకో.

ఇరవై దగ్గరపడుతోంది కాబట్టి దీన్ని తొందర పోస్టులో వేస్తున్నాను.

వదిన


ఏప్రిల్ 17

వదినా,

నువ్వు అడిగింది నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. సంస్థవాళ్ళు జీతం గురించి అడిగారు, తోటివాళ్ళు ‘పిచ్చా?’ అనడిగారు.

నాలుగు చారలంటే నాకిష్టం. కాదని రాస్తే అబద్ధం. టోపీ పెట్టుకుని నడుస్తుంటే జనం పక్కకు తప్పుకుంటారే, అది కూడా ఇష్టమే. అన్నిటికంటే, చివరి మాట నాదవడం ఇష్టం. ఇంట్లో చిన్నదాన్నని నాకెవరూ చివరి మాట ఇవ్వలేదు కదా. అన్నయ్యను అడుగు, ఒప్పుకోడు.

పోయిన వారం నన్ను నేనే పరీక్షించుకున్నాను. రానూపోనూ రెండు ప్రయాణాలూ కో-పైలట్ చేతికిచ్చి, కో-పైలట్ చేసే పనులే నేను చేశాను. రేడియోలో మాట్లాడటం, చక్రాలు దింపమంటే దింపడం, ఎత్తూ వేగమూ చూసి పైకి చెప్పడం, అడిగితేనే సలహా ఇవ్వడం. మొదటిసారి ఘోరంగా తప్పాను. వాడు దిగుతుంటే నా కాళ్ళు వాటంతటవే పెడల్స్ మీదికి వెళ్ళాయి, నోరు మూడుసార్లు జారింది. వాడు దిగాక, ‘మేడమ్, నేనేమైనా తప్పు చేశానా?’ అని అడిగాడు. ఏమీ చేయలేదు. వాడు బాగా దింపాడు, నాలా దింపలేదు, అంతే. తిరుగు ప్రయాణంలో నాలిక కరుచుకుని కూర్చున్నాను. కూర్చున్నాక ఒకటి కనిపించింది. చెయ్యి ఖాళీగా ఉన్నవాడికి చేతినిండా పని ఉన్నవాడి కంటే ఎక్కువ కనిపిస్తుంది. ఆ మాట నేను ఇన్నేళ్ళుగా కుర్రాళ్ళకు పాఠంగా చెబుతున్నాను. నేను నమ్మలేదని ఆ రోజే తెలిసింది.

ఇంకొకటి, ఇది పూర్తిగా నాకోసం. పెద్ద విమానంలో గంటల తరబడి సముద్రం మీద కూర్చుంటాను. నేలకు దింపే అవకాశం నెలకు నాలుగుసార్లు వస్తే గొప్ప. చిన్న విమానమైతే రోజుకు నాలుగుసార్లు దిగుతుంది, అందులో సగం నావే, కుడి కుర్చీలో ఉన్నా సరే. నేను ఈ పనిలోకి వచ్చింది టోపీ కోసం కాదు వదినా. నేల దగ్గరపడి చక్రాలు దాన్ని తాకే ఒక్క క్షణం ఉంటుందే, దానికోసం వచ్చాను. అది మరిచిపోయి చాలాకాలమైంది.

ఈ పొద్దున అవునని చెప్పేశాను. కుర్చీ గుచ్చుతుంది, గుచ్చనీ. నీ దగ్గర పళ్ళసెట్టు చేయించుకున్నవాళ్ళు మొదట్లో తిడతారనీ, చిగుళ్ళు అలవాటు పడ్డాక మరిచిపోతారనీ నువ్వే అంటావు.

పైవాటా నాకు ఉంచు. ఉడత గది మాత్రం కిందే, నీ ఇంట్లోనే, ఇప్పుడున్నట్టే. అది పైకి రావాలనుకుంటే మెట్లున్నాయి.

ఇప్పుడు ఉడతకు చెప్పు. చారలు మూడవుతాయని కూడా చెప్పు.

నీ ఆడపడుచు


జూలై 12

వదినా,

కొత్త సంస్థ శిక్షణ కోసం ఉంటున్న ఈ ఊరినుంచి ఇదే చివరి ఉత్తరం. ప్రయాణికులతో మొదటి రోజు నిన్న అయింది. నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ కడుపులో ఆగడం లేదు.

పొద్దున కాక్‌పిట్‌లోకి వెళ్ళి, బ్యాగు సర్ది, బెల్టు పెట్టుకుని, చూడాల్సినవన్నీ శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఎక్కిళ్ళు వచ్చాడు. తలుపులో నిలబడ్డాడు. నమస్తే మేడమ్ అన్నాడు, ఎక్కిళ్ళు మొదలయ్యాయి. తరవాత మారుమాట లేకుండా వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. వీడింకా మారలేదే, ఇంత చిన్న పనికి ఎక్కిళ్ళేమిటి అనుకున్నాను. ఇంజనీరు కాగితాలు పట్టుకుని వచ్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ‘ఇంతకీ ఇవాళ కెప్టెన్ ఎవరండీ?’ అనడిగాడు.

అప్పుడు చూసుకున్నాను. నేను ఎడమ కుర్చీలో కూర్చున్నాను.

వాడు మాత్రం ‘మీరే ఉండండి అనేవాణ్ణి మేడమ్, చట్టం ఒప్పుకోదు’ అన్నాడు, చెవులదాకా ఎర్రబడిపోయి. ఇద్దరం లేచి ఆ ఇరుకులో ఒకరినొకరు ఒరుసుకుంటూ కుర్చీలు మారాం. నాకు నవ్వొచ్చింది, వెనకాలే ఏడుపొచ్చింది. రెండూ మింగేశాను. కానీ ఒకటి చెప్పాను వాడికి: ‘ఇకమీదట నీ కుర్చీలో నేను కూర్చుంటే లేవమని అడుగు. గౌరవం కొద్దీ పక్కన కూర్చుంటే, పైన ఎవరు నడుపుతున్నారో తెలియకుండా పోతుంది.’ సరే మేడమ్ అన్నాడు. ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

రెండో ప్రయాణం నా చేతికిచ్చాడు. పక్కనుంచి అడ్డంగా కొట్టే గాలిలో దింపాను. వాడు ఒక్క మాటా అనలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో గానీ మంచి కెప్టెన్.

వచ్చే వారం సామాను వస్తుంది. అన్నయ్యను మెట్ల కింద నిలబడి సలహాలివ్వొద్దను.

మూడు చారల మనిషి


అక్టోబర్ 6

పైవాటా వారికి,

మెట్లెక్కి వచ్చి చెప్పొచ్చు. కానీ పెద్ద సంగతి, కట్టుబాటు కట్టుబాటే.

నిన్న వర్షంలో ఉడత తడిసి ముద్దై వచ్చింది. వాలీబాల్ ఆట అయ్యేసరికి ఆలస్యమైతే ఎవరో ఒకరం కారులో వెళ్తామని చెప్పాం కదా. నీకు సెలవు కాబట్టి తల్లివి నువ్వు వెళ్తావని నేను ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ వెళ్ళింది వదిన, ఇప్పుడు నేను వెళ్తే నొచ్చుకుంటుందేమోనని నువ్వు ఊరుకున్నావు. పిల్ల గేటు దగ్గర చూసి చూసి నడిచొచ్చింది. నువ్వు పైన దానికోసం పాలు కాచావు, నేను కింద దానికోసం పాలు కాచాను. అది రెండూ తాగలేదు.

నువ్వొచ్చి మూడు నెలలవుతోంది. ఈ మూడు నెలలూ మనిద్దరం ‘మీరే ముందు’, ‘కాదు మీరే ముందు’ అనుకుంటూ గుమ్మంలో నిలబడ్డాం. దాని డాక్టరు దగ్గరికి నువ్వెళ్ళు అంటే నువ్వెళ్ళు. దాన్ని కోప్పడాల్సినప్పుడు కూడా నేను నీ వంక, నువ్వు నా వంక. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనంటారు, మనం ఇద్దరమే పలచన చేసేశాం.

తల తుడుస్తుంటే అదేమందో తెలుసా? ‘అత్తా, మీ ఇద్దరిలో నన్ను ఎవరు నడుపుతున్నారో పైకి చెప్పండి. ఎవరైనా నాకు ఫరవాలేదు. ఇద్దరూ మర్యాదగా చెయ్యి వదిలేస్తే మాత్రం నేను కూలిపోతాను.’ నీ పాఠాలు నాకంటే దానికే బాగా వంటబట్టాయి. నాకు ఏడుపు ఆగలేదు. అది నా తల తుడిచింది.

ఈ రోజు మా అక్క ఫోన్ చేసింది. మోకాలి ఆపరేషన్ అట, ఒక నెల దగ్గరుండాలి. నువ్వు రాకముందైతే కుదరదనేదాన్ని. ఉడత ఈ ఇంటికొచ్చాక దాన్ని వదిలి ఒక్క రాత్రి కూడా నేను వేరేచోట పడుకోలేదు. ఇప్పుడు వెళ్దామనుకుంటున్నాను.

దాని కుడివైపు పైపన్ను ఒకటి చల్లటివి తగిలితే జివ్వుమంటుంది. కోపమొస్తే మాట్లాడదు, అన్నం మాత్రం మానదు, కాబట్టి కంగారుపడకు. మీ అన్నయ్య సంగతి నీకు తెలిసిందే, ఆయన మాటలకు తల ఊపితే చాలు.

రేపు పొద్దున ఏడింటికి బస్సు. సూట్‌కేసు గుమ్మంలో పెట్టాను. ఉడత చేతే ఈ ఉత్తరం పైకి పంపుతున్నాను.

నీ చేతికి.

నువ్వు జవాబు చెప్పేదాకా నేను బస్సెక్కను. అది మీ నియమమే.

వదిన


అదే సాయంత్రం

వదినా,

ఉడత నా ఎదురుగా కూర్చుని, నేనేం రాస్తానోనని చూస్తోంది. కాఫీ అదే కలిపి తెచ్చింది, ఎన్ని చెంచాలని అడగలేదు.

నా చేతికి.